పదహారు అంకెలు

ఆమె గదిలో రెండే కుర్చీలు.
ఒకదాని మీద తాళ్ళ చుట్ట, బురద ఆరిన హెల్మెట్.
రెండోది నాకిచ్చి
తను కిటికీ గట్టెక్కి కూర్చుంది మిలోయ్‌కా.
వెనక లుబ్లియానా అంతా పొగమంచు.

"డీన్ గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.
నేను కనబడటం లేదట"
అని నవ్వింది,
ముప్ఫై అయిదేళ్ళుగా గుహల్లో పాకుతూ
కళ్ళు లేని పురుగుల్ని లెక్కపెడుతున్న మనిషి.

ఆమెను కనబడేలా చేయడం నా పని.
నెలకు పది గంటలు, విద్యార్థి వేతనం.

వెతికాను.
మిలోయ్‌కా జెర్యాల్ అని ఒకామె దొరికింది,
ఇరవై నాలుగేళ్ళ పిల్ల, గ్రాత్స్ సభలో ఒక్క పోస్టరు.
మిలోయ్‌కా బ్రెత్సెల్ అని ఇంకొకామె,
పన్నెండు వ్యాసాలు, నాలుగింట భర్త పేరు ముందు.
మూడో ఆమె ఇంటిపేరు మధ్య గీతను
ఎవరో సంపాదకుడు మింగేశాడు,
జెర్యాల్‌బ్రెత్సెల్ అని ఏ ఊళ్ళోనూ లేని వంశం పుట్టింది.
విడాకుల తరువాత మళ్ళీ మొదటామె,
కాకపోతే మధ్యలో పదమూడేళ్ళు ఖాళీ.

యంత్రం లెక్కలో ముగ్గురు ఆడవాళ్ళు,
ఒకరికొకరు ముక్కూమొహం తెలియదు.
రెండో ఆమె మొదటామె పనిని ఉటంకిస్తే
పరాయివాళ్ళ మెప్పు కింద జమ అయింది.
"సొంత డప్పు కొట్టుకోవడం
ఆ ఒక్కసారే చేతనైంది నాకు,
అదీ తెలియక."

ఫోటో అడిగాను.
ఉన్నవన్నీ వెనక నుంచి తీసినవే:
సొరంగంలోకి దూరుతున్న బూట్లు, బెల్టు,
ఒకదాంట్లో మోచెయ్యి.
వియన్నా నుంచి, బెర్న్ నుంచి
పేరు తెలియని పురుగులు పెట్టెల్లో ఆమెకే వస్తాయి.
ఇక్కడ మాత్రం పెరటి చెట్టు,
గేటు దగ్గర కొత్త కాపలావాడు
రోజూ కార్డు చూపించమంటాడు.

"లోయ్‌జె పేరు కూడా పెట్టు.
ఇరవై ఏళ్ళు పైన నిలబడి తాడు పట్టుకున్నాడు."
ఫారమంతా వెతికాను.
తాడు పట్టినవాళ్ళకు గడి లేదు.
'ఇతరములు'లో రాశాను,
యాభై అక్షరాలు దాటకూడదంది.

సాయంత్రం ఇద్దరికీ కాఫీ కాచింది,
కప్పు అడుగున సున్నపురాయి పొడి.
"గ్రాత్స్‌లో కూడా కాఫీకే వెళ్ళాను.
వచ్చేసరికి నా పోస్టరు మూలన
గుండుసూదికి ఒక కార్డు గుచ్చి ఉంది:
'మీతో మాట్లాడాలి'.
చాలా పెద్దాయన.
జవాబు రాయలేదు.
నలభై ఏళ్ళొచ్చేదాకా
సిగ్గునే వినయం అనుకున్నాను."
కాసేపాగి,
"నువ్వు నీ పోస్టరు దగ్గరే నిలబడు.
దాహమేసినా సరే."

చివరికి ముగ్గురినీ ఒక చోట చేర్చాను.
పదహారు అంకెలు.
తెర మీద ఆమె జీవితం
పైనుంచి కిందికి ఒక్క వరసలో దిగింది.
పదమూడేళ్ళ ఖాళీ పూడింది.
ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని
"ఇంత రాశానా?" అంది.
ఆ గొంతులో గర్వం కన్నా
అద్దె బకాయి చూసిన కంగారే ఎక్కువ.

డీన్ గారు రెండు మాటల్లో మెచ్చుకున్నారు.
దాని గురించి చెప్పడానికేమీ లేదు.

పదకొండో రోజున త్రెబీన్యె నుంచి ఉత్తరం.
బడి చదువు ముగించిన అమ్మాయి, సెనీదా.
వాళ్ళ ఊరి వెనక బిలంలో దొరికిన పురుగును
మూడేళ్ళుగా అగ్గిపెట్టెలో దాచుకుందట.
పాత వ్యాసం ఒకటి పట్టుకుని
బ్రెత్సెల్ గారికి ఎన్ని ఉత్తరాలు రాసినా
అన్నీ తిరిగొచ్చాయట.
"మీరు చనిపోయారనుకున్నాను, క్షమించండి"
అని ముగించింది.

మార్చిలో రాత్రి బస్సెక్కి వచ్చింది.
మిలోయ్‌కా తాళ్ళ చుట్ట తీసి నేల మీద పెట్టింది.
ఆ కుర్చీ అసలు రంగు ఆకుపచ్చ అని
నాకు అప్పుడు తెలిసింది.

భూతద్దం కింద పురుగు ఒక కాలు కుంటిది.
చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
తరువాత మిలోయ్‌కా చీటీ తీసి
దొరికిన చోటు, తేదీ, లోతు రాసి
"పట్టినవారు" దగ్గర ఆగి
పెన్సిలు ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"నీ పేరు నువ్వే రాయి.
ఎలా రాస్తావో బాగా ఆలోచించుకో.
ఇకమీదట ఎప్పుడూ అలాగే రాయాలి."

సెనీదా రాసింది.
బాగోలేదని చెరిపి
మళ్ళీ రాసింది.